రెండు పేర్ల బాలింతలు

నేనేం ఉద్యోగం చేస్తానని మా అత్తగారి ఊరు నిర్ణాలో ఎవరైనా అడిగితే మా అత్తమ్మ, "దవాఖాన బిల్లులు సదువుతది" అని ఒక్క ముక్కలో తేల్చేస్తుంది. కొత్తలో ఆ మాట వింటే నాకు ఒళ్లు మండేది. స్టాటిస్టిక్స్‌లో ఎమ్మెస్సీ చేసి, సంగారెడ్డి నుంచి సరిహద్దు దాటి వచ్చి కర్ణాటకలోని బీదర్‌లో ఉద్యోగం తెచ్చుకుంటే, బిల్లులు చదివే మనిషిని చేసి కూర్చోబెట్టింది కదా అని. ఇప్పుడు మండడం లేదు. ఆమె అన్నదాంట్లో అబద్ధమేముంది? నేను పొద్దస్తమానం చదివేవి అవే. కాకపోతే ఇంత ఇష్టంగా బిల్లులు చదివే మనిషి ఈ జిల్లాలో ఇంకొకరు ఉండరని మాత్రం పందెం కాస్తాను.

బీమా పథకం కింద ఎవరు వైద్యం చేయించుకున్నా ఆసుపత్రి ఒక క్లెయిమ్ పంపుతుంది. జబ్బేమిటి, ఏం ఆపరేషన్ చేశారు, ఎప్పుడు చేర్చుకున్నారు, ఎప్పుడు ఇంటికి పంపారు, అన్నీ అందులో ఉంటాయి. ఆసుపత్రులు వాటిని పంపేది డబ్బు కోసం. ఆ గోల చూసుకోవడానికి వేరే ఆఫీసు ఉంది. మాది చిన్న అధ్యయన బృందం. మాకు కావలసింది ఒక్కటే. ఇంటికి వెళ్లిన మనిషి మళ్లీ ఆసుపత్రికి వచ్చిందా, వస్తే దేనికి వచ్చింది. మోకాలికి ఆపరేషన్ చేయించుకున్న పెద్దాయన నెల తిరక్కుండా అదే మోకాలు పట్టుకుని ఇంకో ఆసుపత్రిలో చేరాడనుకోండి, మొదటి ఆసుపత్రివాళ్లు ఎన్ని గొప్పలు చెప్పుకున్నా క్లెయిమ్ వాళ్ల గుట్టు విప్పేస్తుంది. ఒక్క మనిషిది చూస్తే ఏమీ తెలియదు. వేలమందివి పక్కపక్కన పెట్టి చూస్తే ఎక్కడ శ్రద్ధగా వైద్యం చేస్తున్నారో, ఎక్కడ చేతులు కూడా సరిగ్గా కడుక్కోకుండా కోస్తున్నారో కళ్లకు కట్టినట్టు కనిపిస్తుంది. అలా కనిపించే క్షణం కోసమే నేను ఆ కుర్చీలో కూర్చుంటాను.

ఆఫీసు గాంధీ గంజ్‌లో, ఒక పప్పుల హోల్‌సేల్ దుకాణం పైన. కిటికీ తీస్తే కందుల దుమ్ము, మూస్తే ఉక్క. కింద హమాలీలు బస్తాలు దించుతూ ఒకర్నొకరు దక్కనీ ఉర్దూలో తిట్టుకుంటుంటారు. లారీలు వెనక్కి వచ్చేటప్పుడు చేసే మోతకు ఫోన్లో మాట వినపడదు. మా సార్ వరంగల్ ఆయన, ఈ లెక్కల్లోనే జుట్టు నెరిసింది. ఏ సంగతి చెప్పినా ముందు "కాదు" అని, తర్వాత ఆలోచించడం ఆయన పద్ధతి. నేను ముందు ఎగిరి గంతేసి తర్వాత ఆలోచిస్తాను. అందుకే మా ఇద్దరికీ కుదిరింది.

ఆ వర్షాకాలం మేం సిజేరియన్ల మీద పని చేస్తున్నాం. ఆపరేషన్ కాన్పు తర్వాత కుట్లకు చీము పట్టి మళ్లీ చేరినవాళ్లు ఏ ఆసుపత్రిలో ఎక్కువ, ఏ ఆసుపత్రిలో తక్కువ అని. పట్టిక తయారయ్యేసరికి అన్నింటికంటే పైన ఒక పెద్ద ఆసుపత్రి నిలిచింది. దాని పేరుగానీ, అది ఏ ఊళ్లో ఉందిగానీ చెప్పను. అక్కడ కోయించుకున్నవాళ్లలో చీముతో మళ్లీ చేరినవాళ్లు దాదాపు లేనే లేరు. అన్నింటికంటే అడుగున హుమ్నాబాద్ వైపు ఒక చిన్న ఆసుపత్రి ఉంది. ఒక డాక్టరమ్మ నడుపుతుంది. చుట్టుపక్కల పల్లెల ఆడవాళ్లకు అదే దిక్కు. పట్టిక చూసిన పథకం అధికారులు ఆమెకు నోటీసు పంపారు. బీమా కింద సిజేరియన్లు చేసే అనుమతిని ఎందుకు రద్దు చేయకూడదో వచ్చి చెప్పుకోండి అని.

ఆమె అధికారుల దగ్గరికి వెళ్లే ముందు మా మీదికి వచ్చింది. మెట్లెక్కి వచ్చిన ఆయాసం తీరకముందే గుమ్మంలో నిలబడి, "ఈ లెక్క ఎవరు కట్టిన్రు?" అని అడిగింది.

సార్ కుర్చీ జరిపాడు. "కూసోండి మేడం. లెక్క కంప్యూటర్ కడ్తది, మేం చూస్తం."

"అయితే మంచిగ చూస్తలేరు. నేను కోసినోళ్లు ఒక్కరు గూడ చీముతోని నా దగ్గరికి తిరిగి రాలే. చీముతోని వచ్చేటోళ్లంత వేరేకాడ కోయించుకున్నోళ్లు. నేను కడిగి, కట్టు గట్టి, మానినంక ఇంటికి తోలిస్తున్న. దానికి నాకు శిక్షనా?"

"వేరేకాడ కోయించుకున్నట్టు మాకు కనవడాలె గదా మేడం. ఆ ఆడోళ్లకు ముందల ఎక్కడ గూడ ఆపరేషన్ క్లెయిమే లేదు."

"మరి కుట్లు ఆకాశంల నుంచి వడ్డయా?"

మా పద్ధతి ఇది. చీము పట్టిన మనిషికి అంతకు ముందు ఆపరేషన్ క్లెయిమ్ ఎక్కడైనా దొరికితే, ఆ చీము ఆపరేషన్ చేసిన ఆసుపత్రి లెక్కలోకి పోతుంది. ఎక్కడా దొరక్కపోతే, ఇప్పుడు చేర్చుకున్న ఆసుపత్రి లెక్కలోనే పడుతుంది. బీమా వాడకుండా అక్కడే కోయించుకుని ఉంటుందిలే అనుకుంటాం. మిగతా ఆసుపత్రుల్లో అలాంటివాళ్లు ఒకరిద్దరు ఉంటే, డాక్టరమ్మ దగ్గర కుప్పలుగా ఉన్నారు.

ఆమె అప్పటికి కుర్చీలో కూర్చుంది. గొంతు తగ్గింది. "అనుమతి వోతే నాకేం గాదు సార్. జరాలు, దగ్గులు చూసుకుంట బతుకుత. నొప్పులొచ్చిన పిల్లను ఆటోల ఏసుకోని ఆ పల్లెలకెళ్లి బీదర్ దాక రావాలంటె తొవ్వలనే అయిపోతది. మీరు ఎన్నడన్న ఆ రోడ్డు మీద ఆటోల వోయిన్రా?"

సార్ పోలేదు. నేను పోయాను, మా అత్తగారి ఊరు అటే కాబట్టి. వాన పడితే ఆ రోడ్డు మీద మామూలు మనిషికే నడుము విరుగుతుంది. కడుపుతో ఉన్న మనిషి సంగతి చెప్పనక్కర్లేదు. ఆమె అనుమతి పోతే బీదర్ పోయే ఆటోల్లో కూర్చునేది నిర్ణా లాంటి ఊళ్ల ఆడపిల్లలే.

కానీ ఉన్న మాట చెప్పుకోవాలి కదా. ఆమె మెట్లు దిగి వెళ్లగానే నాకు పుట్టింది జాలి ఒక్కటే కాదు, పట్టలేని హుషారు. ఎక్కడా ఆపరేషన్ కాని ఆడవాళ్లకు కుట్లు ఎలా వచ్చాయి? ఇంత ముద్దొచ్చే చిక్కుముడి నా చేతికి దొరికి చాలా రోజులైంది. ఆమె అబద్ధమాడుతోందా, మా లెక్క అబద్ధమాడుతోందా అనేది తేలేదాకా నాకు అన్నం సయించదని నాకు తెలుసు. అధికారుల ముందు ఆమె నిలబడాల్సిన రోజు కూడా దగ్గర్లోనే ఉంది.

"సరిహద్దు అవతల కోయించుకోని ఉంటరు సార్. జహీరాబాద్ల, సంగారెడ్డిల" అన్నాను. మా ఊరి వైపు నాకు గురి ఎక్కువ. సార్ "కాదు" అన్నాడు. అటువైపు ఆసుపత్రుల్లో అడిగించి చూస్తే కొందరు అలాంటివాళ్లు తేలారు, కానీ వేళ్ల మీద లెక్కపెట్టేంతే. క్లెయిముల్లో జబ్బుకు వేసే కోడ్ నంబర్లు తప్పు పడ్డాయేమో అని వాటిని తిరగేశాను. అవీ బాగానే ఉన్నాయి. పేర్లు చూద్దామంటే మాకు కనపడవు. ఎవరి గుట్టు వాళ్లకు ఉండాలని పేరు, ఆధార్, ఫోన్ నంబరు అన్నీ ముందే తీసేసి, పేరుకూ ఫోన్‌కూ బదులుగా ఒక్కో సంకేతం పెట్టి పంపుతారు. వయసు, ఊరు, రేషన్ కార్డు బదులు ఇంకో సంకేతం, అంతే. పేరు సంకేతం, కార్డు సంకేతం రెండూ కలిస్తేనే మాకు ఒకే మనిషి. ఆ వారమంతా ఇంటికి పోయినా నా బుర్ర ఆఫీసులోనే ఉంది. మా ఆయన చాయ్‌లో ఉప్పు వేసి ఇచ్చినా తాగేదాన్నేమో.

ఆదివారం నిర్ణాకు వెళ్లాం. మా ఆడబిడ్డ బాలింత, తల్లిగారింట్లో ఉంది. ఆమెను భాల్కి వైపు ఇచ్చారు. మొదటి కాన్పు కష్టమై, అత్తగారింటి నుంచే ఆ పెద్ద ఆసుపత్రికి తీసుకుపోయి ఆపరేషన్ చేయించారు. అవును, మా పట్టికలో అన్నింటికంటే పైన నిలిచిన ఆసుపత్రే. బిడ్డ బొద్దుగా ఉంది. తల్లి మాత్రం గోడకు ఒరిగి, పొట్ట మీద చేయి తీయకుండా కూర్చుంది. చీర కుచ్చిళ్ల దగ్గర తడి కనిపించింది.

"వేడి చేసింది బిడ్డా" అంది అత్తమ్మ. "పత్తెం పెడ్తున్న, తగ్గుతది."

"అది వేడి గాదు అత్తమ్మ, చీము. లే, పోదాం" అన్నాను. అత్తమ్మకు నా నోరు తెలుసు కాబట్టి వాదించలేదు. ఆటో మాట్లాడుకుని, అందరికంటే దగ్గర కాబట్టి ఆ డాక్టరమ్మ ఆసుపత్రికే పోయాం. గతుకు వచ్చినప్పుడల్లా నా ఆడబిడ్డ నా చేయి పట్టుకుని గోళ్లు దించింది.

చీటీ రాసే బల్ల దగ్గర ఒకమ్మాయి కూర్చుని ఉంది. అత్తమ్మ తమ ఇంటి రేషన్ కార్డు ఆమె ముందు పెట్టి కూతురి పేరు చెప్పింది. నేను పెద్ద ఆసుపత్రివాళ్లు ఇచ్చిన డిశ్చార్జి కాగితం తీసి ఇచ్చాను. ఆ అమ్మాయి రెండూ చూసి, "ఇది ఎవరి కాయితం? పేరు వేరే ఉన్నది" అంది.

"ఈ పిల్లదే బిడ్డా" అంది అత్తమ్మ, అదో సంగతే కానట్టు. "అది అత్తగారింటి పేరు. ఇది తల్లిగారింటి పేరు."

"మరి ఏది రాయాలె?"

"తల్లిగారింట్ల ఉన్నది గదా, తల్లిగారింటి పేరే రాయి. కార్డు గూడ మాదే."

ఆ అమ్మాయి సరేనని రాసుకుంటోంది. నేను ఆ కాగితాన్నీ కార్డునూ పక్కపక్కన పెట్టి చూశాను. తర్వాత నవ్వు వచ్చింది. మామూలు నవ్వు కాదు, బల్ల పట్టుకుని వంగిపోయి నవ్వాను. వరుసలో కూర్చున్న ఆడవాళ్లంతా నా వైపు చూశారు.

"నా కడుపు మీద చీము గారుతుంటె నీకు నవ్వెట్లొస్తుంది వదినా?" అంది నా ఆడబిడ్డ, ఏడుపు గొంతుతో.

"నిన్ను చూసి గాదు పిల్లా. నీకు రెండు పేర్లు ఉన్నయ్. నీకు రెండు కార్డులు ఉన్నయ్."

"ఉంటె?"

"నువ్వు ఇద్దరు ఆడోళ్లవు."

"దీనికి పిచ్చి లేసింది" అని అత్తమ్మ ఆ చీటీల అమ్మాయికి చెప్పింది.

ఈ సరిహద్దు పల్లెల్లో కొన్ని ఇళ్లల్లో పెళ్లినాడే పెళ్లికూతురికి కొత్త పేరు పెడతారు. మరాఠీ వైపు నుంచి వచ్చిన ఆచారమంటారు. పళ్లెంలో బియ్యం పోసి, పెళ్లికొడుకు ఉంగరంతో ఆ పేరు రాస్తాడు. మా సంగారెడ్డి వైపు మా ఇళ్లల్లో ఇది లేదు. నా పెళ్లిలో మా ఆయన బియ్యం మీద రాస్తుంటే, "నా పేరుకేమైంది, మాసిపోయిందా?" అని నేను గట్టిగానే అడిగాను. పందిట్లోనే కొత్త కోడలి నోరు లేచిందని నిర్ణాలో ఇప్పటికీ చెప్పుకుంటారు. అప్పటినుంచి ఆఫీసులో ఒక పేరు, అత్తగారింట్లో ఒక పేరు. రెండు పేర్లతో హాయిగా తిరుగుతున్న మనిషిని, ఇన్ని రోజులూ కంప్యూటర్ ముందు కూర్చుని జుట్టు పీక్కున్నాను.

ఇప్పుడు అంతా అర్థమైంది. ఈ వైపు ఆడపిల్ల ఆపరేషన్ ఎక్కడ చేయించుకున్నా, కాస్త లేచి కూర్చోగానే తల్లిగారింటికి వస్తుంది. ఆపరేషన్ అత్తగారి ఊరి నుంచి అయితే అత్తగారి కార్డు మీద, అత్తగారింటి పేరుతో అవుతుంది. తర్వాత కుట్లు పాకితే, అంటే చీము పడితే, తల్లిగారి కార్డు మీద, చిన్నప్పటి పేరుతో, తల్లిగారి ఊరికి దగ్గరున్న ఆసుపత్రిలో చేరుతుంది. కార్డు నుంచి కూతురి పేరు తీయించాలన్న తొందర ఏ తల్లిదండ్రులకూ ఉండదు. మా కంప్యూటర్‌కు మాత్రం ఆపరేషన్ అయిన మనిషి వేరు, చీము పట్టిన మనిషి వేరు. ఒకామె మళ్లీ ఎన్నడూ రాలేదు. ఇంకొకామెకు ఆపరేషనే కాలేదు.

డాక్టరమ్మ నా ఆడబిడ్డ గాయం కడిగి, రెండు మూడు రోజులు ఉండాలని చేర్చుకుంది. నన్ను గుర్తుపట్టి, "లెక్కల పిల్లవు గదా. ఇది గూడ నా లెక్కల్నే రాస్తరా?" అని అడిగింది. అసలు సంగతి నోటిదాకా వచ్చింది కానీ ఆపుకున్నాను. రుజువు లేకుండా ఆశ పెట్టకూడదు. "జర ఓపిక వట్టుండ్రి మేడం" అన్నాను. "వట్టక ఏం జేస్త" అంది ఆమె, కట్టు బిగిస్తూ.

సోమవారం సార్ ఇంకా సంచి కింద పెట్టకముందే మొదలుపెట్టాను. ఆయన అంతా విని "కాదు" అన్నాడు. తర్వాత కూర్చున్నాడు. తర్వాత, "పేరు మారుతది, కార్డు మారుతది. మారనిది ఏంది?" అని అడిగాడు.

"ఫోన్" అన్నాను.

అది నేను ఆటోలో తిరిగి వస్తూనే పట్టాను. మా ఆడబిడ్డకు పెళ్లికి ముందున్న నంబరే ఇప్పుడూ ఉంది. అక్కడా అదే రాయించింది, ఇక్కడా అదే రాయించింది. నంబరు మాకు కనపడకపోయినా, ఒకే నంబరుకు ఒకే సంకేతం వస్తుంది. ఆ సంకేతాలు ఒకటైనవాళ్లను కలిపి చూస్తే చాలు.

కలిపాను. తెర మీద వచ్చినదాన్ని చూసి సార్ కళ్లద్దాలు తీసి తుడుచుకున్నాడు. మొదటి వరుసలో ఉన్న ఆడమనిషి ఒక్క ఏడాదిలో ఊరందరి పిల్లలనూ తానే కన్నది.

"మస్తు కష్టపడ్డది పాపం" అన్నాడు సార్.

అది ఆశా కార్యకర్త నంబరని తట్టడానికి ఇద్దరికీ కాసేపు పట్టింది. ఊళ్లో ఫోన్ లేని వాళ్లందరికీ ఆమె తన నంబరే రాయించింది. అలాంటి సంకేతాలన్నీ తీసేశాం. వయసు దగ్గర దగ్గరగా ఉండాలి, ఆపరేషన్ ముందు, చీము తర్వాత జరిగి ఉండాలి అని రెండు నియమాలు పెట్టి మళ్లీ కలిపాను.

ఈసారి ఒక్కొక్క వరుసే వచ్చి అతుక్కుంటోంది. ఇక్కడ చీముతో చేరిన, ముందేమీ ఆపరేషన్ కాని ఆడమనిషి, అక్కడ ఆపరేషన్ అయి మళ్లీ ఎన్నడూ రాని ఆడమనిషి, ఇద్దరూ ఒకరైపోతున్నారు. ఇంకొకరు. ఇంకొకరు. జాతరలో తప్పిపోయినవాళ్లు వరుసగా ఇళ్లకు చేరుతున్నట్టు అనిపించింది. పెద్ద ఆసుపత్రి పై నుంచి కిందికి జారుతోంది. డాక్టరమ్మది అడుగు నుంచి పైకి లేస్తోంది. సార్ చాయ్ మీద మీగడ కట్టింది, ఆయన చూసుకోలేదు. నేను లేచి కిటికీ తీసి, కందుల దుమ్మంతా లోపలికి రానిచ్చి, కింద ఎవరికైనా చెబుదామా అనుకున్నాను. ఏమని చెప్పాలో తెలియక మళ్లీ మూశాను.

"కాదు" అన్నాడు సార్ అప్పుడు. "ఇంటికి ఒకటే ఫోన్ ఉంటది. తోటికోడళ్లు కావచ్చు. అక్కాచెల్లెండ్లు కావచ్చు. అడగందే నమ్మ."

ఆయన అన్నది నిజమే, అయినా నాకు కోపం వచ్చింది. అనుమతి తీసుకుని, నంబర్లు ఉన్న ఆఫీసు వాళ్ల చేతనే కొందరికి ఫోన్లు చేయించాం. ఒప్పుకున్నవాళ్లను ఒకటే అడగమన్నాం. అత్తగారింట్లో మీ పేరేమిటి, తల్లిగారింట్లో ఏమిటి? ఒకచోట ఇద్దరు తోటికోడళ్లే తేలారు. వాళ్లను విడదీశాం. మిగతావాళ్లు దాదాపు అందరూ రెండు పేర్లూ చెప్పారు. ఒకామె అయితే, "ఏ పేరు మీద పిలిస్తె మీకు అల్కగైతది?" అని తిరిగి అడిగిందట.

అధికారుల ముందు డాక్టరమ్మ నిలబడాల్సిన రోజున మేమూ పోయాం. ఆమె ఇస్త్రీ చీర కట్టుకుని, ఎవరి వైపూ చూడకుండా కూర్చుంది. నా కన్నడం అంతంత మాత్రం. మాట దొరకని చోటల్లా దక్కనీ కలిపి చెప్పుకొచ్చాను. రెండు పేర్ల దగ్గరికి రాగానే పెద్ద అధికారి చేయెత్తి ఆపాడు. ఇక మా పనైపోయింది అనుకున్నాను. ఆయన పక్కాయన వైపు తిరిగి, మా అమ్మకు కూడా రెండు పేర్లు ఉన్నాయయ్యా, ఆమె పింఛను కాగితాలకు నేను ఎంత తిరిగానో నీకేం తెలుసు అన్నాడు. ఆ తర్వాత పని సులువైంది. కొత్త పట్టిక చూశారు. డాక్టరమ్మ అనుమతి ఉంటుందన్నారు. పెద్ద ఆసుపత్రి ఆపరేషన్ గదిని చూసి రావడానికి మనుషులను పంపుతామన్నారు.

బయటికి వచ్చాక డాక్టరమ్మ నా రెండు చేతులూ పట్టుకుంది. నాకు అక్కడే గెంతాలనిపించింది, సార్ ఉన్నాడని ఊరుకున్నాను. "నిర్ణాకు వోతవా? నా కార్ల రా" అంది ఆమె. తోవ పొడుగునా మాట్లాడింది. మొదటి కాన్పు ఎవరికి చేసింది, కరెంటు పోతే టార్చి ఎవరు పట్టారు, అన్నీ. అంత సంతోషంగా ఉన్న మనిషి పక్కన కూర్చుని నాకూ నోరు ఆగలేదు. ఆ ఊపులోనే సంచిలోంచి ఆమె ఆసుపత్రికి సంబంధించిన కాగితం తీసి ఇచ్చాను. ప్రతి ఆసుపత్రికీ దాని లెక్క దానికి ఇవ్వడం మా పద్ధతి.

ఆసుపత్రి చేరాక ఆమె తన గదిలో కూర్చుని దాన్ని చదివింది. కింద ఒక చిన్న భాగం ఉంది. అందులో ఆపరేషన్ క్లెయిమ్ నంబర్లు కొన్నే ఉన్నాయి. పెద్ద ఆసుపత్రివాటితో పోలిస్తే ఏమంత కాదు.

"ఇవేంది?" అంది.

"మీరు కోసినోళ్లు మేడం. తర్వాత చీముతోని వేరే దవాఖానాల్ల చేరిన్రు. వీళ్లు గూడ పేరు మారి పోయిన్రు, అందుకే ఇన్ని రోజులు కనవడలే."

ఆమె ఆ కాగితాన్ని బల్ల మీద పెట్టి, చేత్తో సాపు చేసింది. మళ్లీ చదివింది. తర్వాత లేచి, తానే బీరువా తీసి, మొదటి నంబరుకు సరిపోయే ఫైలు వెతికి తెచ్చింది. లోపల రాసి ఉన్న ఫోన్ నంబరు చూసి కొట్టింది. ఫోన్ బల్ల మీద పెట్టి స్పీకరు ఆన్ చేసింది. నేను వెళ్లిపోనా అన్నట్టు లేచాను. కూర్చోమని సైగ చేసింది.

అటు నుంచి ఒక ఆడగొంతు పలికింది. డాక్టరమ్మ తానెవరో చెప్పి, పక్కన ఇంకొకరు వింటున్నారు, పరవాలేదా అని అడిగింది. పరవాలేదంది ఆమె.

"నీకు కుట్లు పాకినయా బిడ్డా?"

వెనక పసిపిల్ల ఏడుపు వినిపించింది.

"పాకినయ్ మేడం. ఇప్పుడు మానింది. మంచిగనే ఉన్న. మీకెట్ల తెలిసింది?"

"నా దగ్గరికెందుకు రాలే?"

"తల్లిగారింట్ల ఉంటి మేడం."

"తల్లిగారిల్లు ఎక్కడ?"

ఆమె ఊరు చెప్పింది. నాకు తెలిసిన ఊరే. మేం కూర్చున్న ఆ డాక్టరమ్మ ఆసుపత్రికి కూతవేటు దూరం. డాక్టరమ్మకూ తెలుసు. ఆమె ఫోన్‌ను ఇంకాస్త దగ్గరికి జరుపుకుంది.

"మీరు మస్తు మంచిగ చూసిన్రు గదా" అంది ఆ గొంతు, చిన్నగా. "మళ్ల వచ్చి సూపిస్తె మిమ్మల్ని తప్పు వట్టినట్టైతది అన్నది మా అమ్మ. మీ మనసు ఖరాబైతదని బీదర్ వోయినం."

డాక్టరమ్మ కళ్లు మూసుకుంది. "ఇగముందల ఏమున్న నా దగ్గరికే రా. తిట్టనీకైనా రా" అని చెప్పి ఫోన్ పెట్టేసింది. కొంగుతో ముఖం తుడుచుకుంది. నాకు కూడా కళ్లు నిండాయి, దాచుకోవాలని అనిపించలేదు.

ఆమె కాగితాన్ని నా వైపు తోసి, బీరువా దగ్గరికి నడిచింది.

"రెండో నంబర్ సదువు" అంది.

చదివాను.